కొత్త ఇంటికి బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలి? తలో మాట చెబుతున్నారు

ముగ్గు పోయాలి
200 గజాల స్థలం. వరదప్పుడు ఆరడుగుల నీళ్ళొచ్చాయి. పాత ఇల్లు తీసేసి కొత్తది కడుతున్నాం. ఇంజినీరు గారు బేస్‌మెంట్ మూడడుగులు చాలంటారు, మేస్త్రి ఐదంటాడు, పక్కింటాయన ఏకంగా ఎనిమిది లేపాడు. పొద్దున్నుంచీ ఇదే పని, వీడియోలు చూస్తే ఉన్న మతి కూడా పోయింది. ఉపన్యాసాలొద్దు, ఒక్క అంకె చెప్పండి చాలు.

లెవెల్ పైపు
ఆరడుగులు ఎక్కడి నుంచి? రోడ్డు మీద నుంచా, స్థలం నేల నుంచా? అది చెప్పకుండా అంకె లేదు.

జీవో చదవండి
ఎత్తు తర్వాత సంగతి. ముందు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం), బఫర్ (దాని పక్కన కట్టకుండా వదిలే జాగా) చూసుకున్నారా? భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. వాగు, నాలా పది మీటర్ల వెడల్పు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. ఇవేమీ చూడకుండా కట్టేసి, ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఏడవటం మనవాళ్ళకి అలవాటైపోయింది.

గట్టు మీద మనిషి
ఏ ఊరో తెలీకుండానే జీవోలా? 168 ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చింది. ఆంధ్రలో ఐతే 2017 నాటి జీవో 119 చూడాలి. హైడ్రా పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. అన్నా, ఊరు చెప్పు ముందు.

ముగ్గు పోయాలి
చెప్పలేదా? విజయవాడ, సింగ్ నగర్. 2024 వరద. మరక పాత గోడ మీద ఇంకా ఉంది, స్థలం నేల నుంచి ఆరడుగులు. రోడ్డు మాకంటే రెండడుగులు ఎత్తు.

లెవెల్ పైపు
ఇప్పుడు దారికొచ్చింది. మరక రోడ్డు నుంచి నాలుగడుగులన్నమాట. ఇంజినీరు గారి మూడడుగులు రోడ్డు నుంచి ఐతే ఇంట్లో అడుగు నీళ్ళు. మేస్త్రి ఐదు కూడా రోడ్డు నుంచే ఐతే అడుగు మిగులుతుంది, స్థలం నుంచి ఐతే ఇంట్లో అడుగు నీళ్ళే. పక్కింటాయన ఎనిమిది స్థలం నేల నుంచి అయ్యుంటుంది. తలా ఒకచోటి నుంచి కొలుస్తుంటే లెక్కలు ఎప్పటికీ కలవవు.

పాత గోడ పగలగొట్టకముందే మరక ఎత్తుని నీళ్ళు నింపిన లెవెల్ ట్యూబుతో కదలని చోటికి ఎక్కించు. ఎదురింటి కాంక్రీట్ స్తంభమైనా సరే, పెయింట్ గీత పెట్టి ఫొటో తీసుకో. ట్యూబులో గాలి బుడగ ఉంటే లెవెల్ తప్పుతుంది, చూసుకో. వీధిలో ఇంకో రెండు మూడిళ్ళ మరకలు కూడా కలిపి చూసి, ఎక్కువ ఉన్నది తీసుకో. రోడ్డుని మాత్రం ఆధారంగా పెట్టుకోవద్దు, దాని మీద మళ్ళీ రోడ్డు వేస్తే లెక్కంతా మారిపోతుంది.

మరక మీద కనీసం అడుగున్నర వదులు. వీధిలో ట్రాక్టరో పడవో వెళ్తే వచ్చే అలకే కొంత పోతుంది. అంటే ఫ్లోర్ రోడ్డు నుంచి ఐదున్నర, స్థలం నుంచి ఏడున్నర. అడిగిన అంకె అదే. కానీ అంత ఎత్తూ మట్టితో నింపొద్దు.

వాస్తు మిత్రుడు
నింపేటప్పుడు ఈశాన్యం పల్లంగా ఉంచండి, నైరుతి ఎత్తు. నీళ్ళు ఈశాన్యానికే పోవాలి.

లెవెల్ పైపు
వీధి కాలువ ఏ పక్కనుంటే వాలు ఆ పక్కకి. కాలువ ఈశాన్యంలో ఉంటే నాకూ అభ్యంతరం లేదు.

జీవో చదవండి
ఎఫ్‌టీఎల్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గట్టు మీద మనిషి
సింగ్ నగర్‌ని ముంచింది బుడమేరు. అది వాగు, చెరువు కాదండీ, ఎఫ్‌టీఎల్ ఉండటానికి. అలుగు దూకటం మొదలయ్యే మట్టం ఎఫ్‌టీఎల్. చెరువుకైనా వరదలో నీళ్ళు దాని మీదికి లేస్తాయి, కాబట్టి ఎఫ్‌టీఎల్ బయట ఉన్నంత మాత్రాన మునగమని కాదు. ఇక్కడ గట్టుకి మూడు గండ్లు పడి నీళ్ళు ఊరి మీదికొచ్చాయి. వెలగలేరు దగ్గర మళ్ళించిన బుడమేరు నీళ్ళు ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలవాలి. కృష్ణే నిండుగా ఉంటే మళ్ళింపు కాలువ తీసుకోదు, వెనక్కి తన్నుతుంది. ఆ సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. రెండూ ఒకేసారి వస్తే వీధి కాలువ ఎంత పెద్దదైనా లాభం లేదు. గట్టు బాగుచేశారు కదా అని లెవెల్ తగ్గించుకోవద్దు.

జీవో చదవండి
వాగుకి బఫర్ ఉంది కదా, నేనన్నది అదే.

గట్టు మీద మనిషి
మీరు ఎఫ్‌టీఎల్ అన్నారు. పైన చూసుకోండి.

లెవెల్ పైపు
30×60 స్థలం ఐతే 1800 చదరపుటడుగులు. ఏడున్నర అడుగులు నింపితే 13,500 ఘనపుటడుగులు, అంటే 135 యూనిట్లు. దిమ్మిస కొట్టాక కుంగేదానికి పావు వంతు కలుపుకుంటే 170 దాకా తోలించాలి. అంత మట్టిని మామూలు ప్రహరీ ఆపలేదు, తడిసిన మట్టి దాన్ని వీధిలోకి తోసేస్తుంది. దానికి విడిగా రిటైనింగ్ వాల్, ఐదడుగులకొక నీటి రంధ్రం కావాలి.

అందుకని స్థలం రోడ్డుకి అర అడుగు పైదాకా మాత్రమే నింపి, ఆ పైన స్టిల్ట్ (గోడల్లేకుండా స్తంభాల మీద నిలిచే ఖాళీ అంతస్తు) వేయి. 45 యూనిట్ల మట్టి, దానికి పావు వంతు అదనం. కొండ గ్రావెల్ ఆరంగుళాల పొరలుగా, ప్రతి పొరా తడిపి రోలర్‌తో. చవకని ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద పోయించుకోవద్దు. పైన మట్టి కప్పు లేకపోతే వరదలో కొట్టుకుపోతుంది, నీళ్ళు తాగాక బరువూ మోయదు.

పునాది నింపిన మట్టి మీద కాదు, దాని కిందున్న అసలు నేలలోకి పోవాలి. కింద నల్లరేగడి కాబట్టి మట్టి పరీక్ష చేయించి అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు పునాది స్తంభాలు) గురించి అడుగు. ప్లింత్ బీమ్ (పునాది మీద స్తంభాల్ని కలిపే బీమ్) కింద మూడు నాలుగంగుళాల ఖాళీ ఉంచాలి, లేకపోతే రేగడి ఉబ్బి బీమ్‌ని ఎత్తుతుంది. విజయవాడ భూకంప జోన్ 3. కింద గోడల్లేని స్టిల్ట్ అంతస్తు బలహీనం, స్తంభాల డిజైన్లో ఆ లెక్క ఉందా అని ఇంజినీరుని అడుగు.

చాంబర్ మూత
నీళ్ళు గుమ్మంలోంచే వస్తాయని అందరూ అనుకుంటారు. ముందొచ్చేది కింది బాత్రూమ్ కమోడ్ లోంచి, యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) వెనక్కి తన్ని. ఆఖరి చాంబర్లో ఎన్‌ఆర్‌వీ (నీళ్ళు వెనక్కి రానివ్వని వాల్వ్) పెట్టించండి. కానీ అన్ని లైన్లూ దాని వెనక కలిపితే, వాల్వ్ మూసుకున్నాక పై అంతస్తు వాళ్ళు వాడిన నీళ్ళే కింద మీ బాత్రూమ్‌లో పైకొస్తాయి. పై అంతస్తుల పైపు వాల్వ్ దాటాక కలపాలి, కింది అంతస్తుది మాత్రమే వాల్వ్ వెనక. గుడ్డపేలిక ఇరుక్కుంటే వాల్వ్ లోపలి రేకు మూసుకోదు, అందుకని మూత తీసి చూసే వీలుండాలి.

సంపు ఖాళీగా ఉంటే తేలుతుంది. బయటి కొలత 2.3 మీటర్ల చదరం, 2 మీటర్ల లోతు, పైనా కిందా అన్ని పక్కలా 15 సెంటీమీటర్ల కాంక్రీట్ అనుకోండి. నీళ్ళు పైకి నెట్టేది 10.6 టన్నులు, సంపు బరువు 9.4. అడుగు స్లాబ్‌ని చుట్టూ ఒక అడుగు బయటికి పొడిగిస్తే దాని మీది మట్టి పట్టి ఉంచుతుంది. వరద హెచ్చరిక రాగానే నిండా నింపేయండి. బోరు కేసింగ్ మరక కంటే పైకి లేపి మూత బిగించాలి, మీటరు బోర్డు, డీబీ (కరెంటు స్విచ్చుల పెట్టె) మరక మీద రెండడుగులు.

ముగ్గు పోయాలి
ఇవన్నీ సరే. స్టిల్ట్ వద్దనుకున్నది అమ్మ కోసం, ఆవిడ మెట్లెక్కలేరు. ర్యాంపు వేస్తే కుదరదా?

లెవెల్ పైపు
ఇది మొదటే చెప్పాల్సింది. చక్రాల కుర్చీకి 12 అడుగులకి ఒక అడుగు వాలు. స్టిల్ట్ లేకుండా ఐదున్నరే ఎక్కాలన్నా 66 అడుగులు, మధ్యలో ఆగే చోట్లు అదనం. నీ స్థలం పొడవే 60. చిన్న హోమ్ లిఫ్ట్ పెట్టుకో. కంట్రోలర్ పైన ఉండేది, కింద లోతు గొయ్యి అక్కర్లేనిది తీసుకో. గొయ్యి ఉంటే నీటి సెన్సర్ పెట్టించు, తడి తగలగానే పై అంతస్తుకి పోయి ఆగాలి. కరెంటు తీసేస్తారు కాబట్టి అమ్మగారిని నీళ్ళు రాకముందే పైకి చేర్చాలి, లిఫ్ట్‌ని నమ్ముకోవద్దు.

చాంబర్ మూత
స్టిల్ట్‌లో వాచ్‌మన్ గది కడితే గోడకి కింద రంధ్రాలు వదలండి. బయట మూడు నాలుగడుగుల నీళ్ళు నిలిచి లోపల పొడిగా ఉంటే తొమ్మిదంగుళాల గోడైనా కూలొచ్చు.

ముగ్గు పోయాలి
సరే అండీ, ముగ్గు వారం వాయిదా. థాంక్స్.

వాస్తు మిత్రుడు
లిఫ్ట్ ఈశాన్యంలో మాత్రం పెట్టకండి.

కొత్త సభ్యుడు
కొండ గ్రావెల్ యూనిట్ ఇప్పుడు ఎంత పడుతోంది? పాయకాపురం వైపు.