చిన్న చిన్న వస్తువులు ప్రయాణంలోనూ ఇంట్లోనూ వెంటనే చేతికి దొరకాలంటే ఎలా సర్దుకోవాలి?

కావలి టీచరు:

అందరికీ నమస్కారం. మాది కావలి, నేను ఉపాధ్యాయురాలిని. మా అత్తగారి వయసు 74 ఏళ్లు. ఆమె కంటి పరీక్షల కోసం రెండు నెలలకొకసారి చెన్నై వెళ్లి వస్తుంటాం, తిరుగు ప్రయాణంలో నెల్లూరులో మా ఆడబిడ్డ ఇంట్లో ఒక రాత్రి ఆగుతాం. పెద్ద సామాను గురించి నాకు బెంగ లేదు. చీరలు, దుప్పటి, తువ్వాళ్లు అరగంటలో సర్దేస్తాను. నన్ను కష్టపెడుతున్నవన్నీ అరచేతిలో ఇమిడే వస్తువులే: మాత్రలు, కంటి చుక్కల సీసా, కళ్లజోడు, వినికిడి యంత్రం బ్యాటరీలు, ఫోను చార్జరు, తాళంచెవులు, పిన్నీసులు, ఆధార్ కార్డు.

క్రితంసారి రైలు గూడూరు దాటాక ఆమె వినికిడి యంత్రం ఆగిపోయింది. కొత్త బ్యాటరీలు తెచ్చానని నాకు గట్టిగా తెలుసు, కానీ ఎక్కడ పెట్టానో గుర్తుకు రాలేదు. మూడు సంచులూ సీటు మీద కుమ్మరించి సూళ్లూరుపేట వచ్చేవరకు వెతికితే, చివరకు అవి పిన్నీసుల డబ్బాలో చిల్లర నాణేల మధ్య దొరికాయి. వాటి మీద అంటించి ఉండే చిన్న కాగితాలు అప్పటికే ఊడిపోయి ఉన్నాయి, వేసి చూస్తే ఒక్కటీ పనిచేయలేదు. ఆ రోజు డాక్టరు గారు చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా ఆమెకు వినిపించలేదు. నేను చెవి దగ్గర గట్టిగా చెబుతుంటే, ఆమె నా పెదవుల వైపు చూస్తూ అర్థమైనట్లు తల ఊపిన తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది.

ఇంట్లో ఎనిమిది ప్లాస్టిక్ డబ్బాలు కొని, బ్యాటరీలన్నీ ఒకదానిలో, మందులన్నీ ఒకదానిలో, తీగలన్నీ ఒకదానిలో ఇలా జాతులవారీగా విడదీసి పెట్టాను. ప్రయాణం రోజున ప్రతి డబ్బాలోంచి కొంచెం కొంచెం తీసుకుంటాను, వచ్చాక అవి మళ్లీ తమ చోటికి చేరవు. నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఒంగోలు నుంచి:

అమ్మా, మీరు తప్పు చేస్తున్నది విడదీయడంలో కాదు, దేన్నిబట్టి విడదీస్తున్నారన్న దానిలో అని నాకు అనిపిస్తోంది. మన వంటింట్లో ఎన్నడూ వెతుక్కోనక్కరలేని వస్తువు ఒకటుంది, అది తిరగమాత పెట్టె. అందులో ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, పచ్చిశనగపప్పు, మెంతులు పక్కపక్కనే ఉంటాయి. జాతిని బట్టి చూస్తే పప్పులు పప్పుల డబ్బాల వరుసలో, మెంతులు వేరొక చోట ఉండాలి, నిల్వ సరుకు ఉండేది అక్కడే కూడా. కానీ నూనె కాగినప్పుడు ఇవన్నీ ఒక్క నిమిషంలో కావాలి కనుక, ఆ నిమిషానికి కావలసినంత మట్టుకు ఒక్క పెట్టెలోకి చేర్చారు. చిన్న వస్తువులను కూడా అలాగే, ఏ జాతివి అని కాక, ఏ వేళకు కలిసి కావాలి అని చూసి చేర్చాలి.

ఉద్యోగరీత్యా నేను తొమ్మిదేళ్లుగా వారం వారం ఒంగోలు, నెల్లూరు మధ్య తిరుగుతున్నాను. నా సామాను ఎప్పుడూ మూడు చోట్ల ఉంటుంది: ఒంటి మీద, చేతి కింద, సీటు కింద. డబ్బు, గుర్తింపు కార్డు, ఇంటి తాళంచెవి, ఫోను ఒంటి మీద ఉంటాయి, నిద్రపోయినా వాటిని తీయను. మా అమ్మమ్మ రొండిన దోపుకున్న తిత్తి చేసిన పని అదే. రైల్లో కూర్చున్నాక కావలసినవి, అంటే మంచినీళ్లు, మాత్రలు, కళ్లజోడు, చేతిరుమాలు, చార్జరు, చేతి కింది సంచిలో ఉంటాయి. దిగేవరకు అక్కరలేనివన్నీ సీటు కింద ఉంటాయి. మీ అత్తగారి బ్యాటరీలు సీటు కిందికి గాని, పిన్నీసుల డబ్బాలోకి గాని వెళ్లవలసినవి కావు. వినికిడి యంత్రం, దాన్ని తుడిచే గుడ్డ, బ్యాటరీలు మూడూ ఒకే చిట్టి సంచిలో ఉండి, ఆ సంచి ఆమె చేతికే అందాలి.

రెండో మాట, ఇది మొదటి దానికంటే ముఖ్యమైనది. ప్రయాణపు సంచికి ఇంట్లోంచి వస్తువులు అరువు ఇవ్వకండి. ఒక చార్జరు, ఒక దువ్వెన, ఒక చిన్న కత్తెర, నాలుగు పిన్నీసులు ఆ సంచికే సొంతం చేయండి, ఇంట్లో అవసరమైనా అందులోంచి తీయకండి. అరువు వస్తువు తిరిగి తన చోటికి చేరడానికి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి, సొంత వస్తువుకు ఆ బాధ లేదు. ఊరినుంచి వచ్చిన రాత్రి ఎంత అలసట ఉన్నా, కాళ్లు కడుక్కుని మంచం మీద ఆ సంచిని బోర్లించి, అయిపోయినవి చీటీ మీద రాసి, మిగతావి సర్ది మేకుకు తగిలించాకే నేను భోజనానికి కూర్చుంటాను. మరునాటికి వదిలిన సంచి వారం రోజులు అలాగే పడి ఉండడం నేను చూశాను.

నెల్లూరు మందుల దుకాణం:

టీచరు గారూ, మీ బ్యాటరీలు ఎందుకు పనిచేయలేదో చెప్పడం నా బాధ్యత అనిపించి రాస్తున్నాను. వినికిడి యంత్రాల్లో మార్చి మార్చి వేసే బ్యాటరీలు ఎక్కువగా జింక్ ఎయిర్ రకానివి. వాటి వెనుక సన్నని రంధ్రాలుంటాయి, ఆ రంధ్రాలను మూసి ఉంచేదే మీరు చూసిన ఆ చిన్న కాగితం. అది ఊడగానే గాలి లోపలికి వెళ్లి బ్యాటరీ పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ తరువాత యంత్రంలో వేసినా వేయకపోయినా దాని శక్తి తగ్గిపోతూనే ఉంటుంది, కాగితం మళ్లీ అంటించినా ఆగదు. మీ డబ్బాలో నాణేలు, పిన్నీసులు రాసుకుని కాగితాలు ఊడదీసి ఉంటాయి. అంతేకాక లోహపు వస్తువు రెండు కొనలకూ ఒకేసారి తగిలితే బ్యాటరీ తొందరగా ఖర్చయిపోతుంది. కనుక వాటిని కొన్నప్పటి చక్రంలాంటి అట్టలోంచి తీయకండి. అవసరమైనప్పుడు ఒకటి తీసి, కాగితం ఒలిచి, ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు వేయండి. కాగితం రంగు కూడా గుర్తుపెట్టుకోండి: 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. తెలియని ఊళ్లో కొనవలసి వస్తే రంగు చెప్పినా ఇస్తారు.

మాత్రల విషయంలో నేను రోజూ చూసే పొరపాటు ఒకటుంది. ప్రయాణానికి నాలుగు మాత్రలు చాలుననుకుని షీటును కత్తెరతో ముక్కలు చేస్తారు. గడువు తేదీ, బ్యాచ్ నంబరు చాలా షీట్ల మీద ఒక అంచునే అచ్చయి ఉంటాయి, ఆ అంచు చెత్తబుట్టలోకి పోతే మిగిలిన ముక్క ఏ మందో, ఎప్పటిదాకా పనికొస్తుందో చెప్పడానికి ఆధారం ఉండదు. అటువంటి వెండి ముక్కలు గుప్పెడు తెచ్చి ఇవేమిటో చెప్పమని అడిగే పెద్దవారికి, అంచనాతో చెప్పలేను, చెప్పకూడదు కూడా. మాత్రలు తేదీ లేని కొన నుంచి వాడుకుంటూ రండి, వీలైతే షీటు మొత్తాన్నీ వెంట తీసుకువెళ్లండి. వారానికి సరిపడా గళ్ల డబ్బాలో పోసుకునేవారు, తేమకు పాడయ్యే మాత్రలు కొన్ని ఉంటాయి కనుక, ముందుగా మందులిచ్చినవారిని అడగడం మంచిది. కంటి చుక్కల సీసా మూత తీసిన తేదీని దాని మీదే రాయండి, చాలా రకాలను తెరిచిన నాలుగు వారాలకు పారవేయాలి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే, తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. కాబట్టి చల్లటి జెల్ సంచికి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి. మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో ఏ మందునూ వదలకండి.

ఇంట్లో పసిపిల్లలుంటే ఒక్క హెచ్చరిక. రిమోట్లలోనూ బొమ్మల్లోనూ వేసే గుండ్రటి లిథియం బ్యాటరీ బిళ్లను బిడ్డ మింగితే, గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని తీవ్రంగా కాల్చగలదు. అనుమానం వచ్చిన క్షణంలోనే ఆసుపత్రికి పరుగెత్తాలి. వాటిని అందుబాటులో సర్దడం గురించి కాదు, అందకుండా దాచడం గురించే ఆలోచించండి.

కందుకూరు కుట్టుపని:

ఒంగోలు అమ్మగారు చెప్పిన చిట్టి సంచులు కుట్టి ఇవ్వడం నా పనిలో భాగం, అందుకే కొలతలతో సహా రాస్తున్నాను. జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు చాలు. జానెడు పొడవు, బెత్తెడున్నర ఎత్తు ఉంటే మందులకు సరిపోతుంది, తాళంచెవులకు అందులో సగం చాలు. పైగుడ్డ ఏ రంగైనా కావచ్చు గాని, లోపలి అస్తరు మాత్రం తెల్లగా ఉండాలని నేను పట్టుబడతాను. నల్ల అస్తరు వేసిన సంచిలో నల్ల తీగ, గోధుమరంగు సీసా, సూది ఏవీ కంటికి ఆనవు, చేయి పెట్టి తడుముకోవలసి వస్తుంది. తెల్ల అస్తరు మీద నువ్వుగింజ పడినా కనిపిస్తుంది. పెద్దవారి సంచికి సన్నని జిప్పు వేయకండి, ఐదో నంబరు జిప్పు వేసి, దాని కొక్కేనికి వేలు దూరేంత రిబ్బను ఉంగరం కట్టండి. చేతివేళ్లు వణికేవారు కూడా దాన్ని లాగగలరు. మూలన ఒక గుడ్డ ఉచ్చు కుట్టి ఉంచితే, ఇంట్లో మేకుకూ రైల్లో కిటికీ దగ్గర కొక్కేనికీ అదే సంచి వేలాడుతుంది.

వేళకొక రంగు పెట్టుకుంటే అడిగేవారికీ తెచ్చేవారికీ మాటలు తగ్గుతాయి. మా ఇంట్లో పసుపు సంచి అంటే రాత్రి మాత్రలు, ఆకుపచ్చ అంటే పూజ సామాను, ఎరుపు అంటే దెబ్బలకు కట్టే పట్టీలు, దూది. చీకట్లో కరెంటు పోయినప్పుడు రంగు పనికిరాదు కనుక, ఎరుపు సంచి ఉచ్చుకు రెండు ముడులు వేశాను, తడిమితే తెలుస్తుంది.

కొత్తపట్నం తీరం:

పైన చెప్పినవన్నీ బాగున్నాయి. అయితే ప్లాస్టిక్ డబ్బాలు, జిప్ కవర్ల మీద ఉన్న నమ్మకాన్ని సముద్రపు గాలి తగిలే ఊళ్లవారు కొంచెం తగ్గించుకోవాలని నా మనవి. మా ఇంటికి సముద్రం దగ్గర, ఉప్పుగాలికి సూదులు, పిన్నీసులు, చిన్న తాళాలు ఒక్క వానాకాలంలో తుప్పు పడతాయి. తేమ ఉన్న రోజున మూసిన డబ్బా తేమను బయటికి పోనివ్వదు, లోపలే బంధిస్తుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఆరబెట్టి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి మూస్తే మాత్రం ప్లాస్టిక్ మేలు చేస్తుంది.

నగల సంగతి వేరు. వెండి పట్టీలు, మెట్టెలు పొట్లం కట్టి రబ్బరు బ్యాండు వేయడం చాలామందికి అలవాటు. రబ్బరులోని గంధకం వల్ల వెండి నల్లబడుతుంది, దారంతో కట్టండి. ముత్యాలను గాలి తగలని కవర్లో పెట్టకండి, మెత్తని గుడ్డలో విడిగా చుట్టండి. రాళ్ల నగలతో రాసుకుంటే ముత్యం మీద గీతలు పడతాయి. బీరువాలో నాఫ్తలిన్ ఉండలు, హారతి కర్పూరం ఒకే చోట వేయకండి, రెండూ తగిలితే కరిగి నీరై గుడ్డల మీద మరకలు పడతాయి.

గూడూరు నుంచి:

చెన్నై నుంచి విమానం ఎక్కేవారికి రెండు మాటలు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, లోడుకు వేసే పెట్టెలో పెట్టకూడదు. వాట్ అవర్ అంటే బ్యాటరీలో నిల్వ ఉండే శక్తికి కొలత; 100 వాట్ అవర్ల వరకు అనుమతి సామాన్యంగా ఉంటుంది, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లే అవుతుంది. విదేశీ ప్రయాణంలో చేతి సంచిలోని ద్రవాలు ఒక్కొక్క సీసా 100 మిల్లీలీటర్లు దాటకుండా, అన్నీ కలిపి ఒక లీటరు పారదర్శక కవర్లో పట్టేలా చూసుకోండి. మా అబ్బాయి చేత ఊరగాయ సీసా అక్కడే వదిలేయించారు, వాళ్లమ్మ రెండు రోజులు బాధపడింది.

కావలి టీచరు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ మధ్య మళ్లీ చెన్నై వెళ్లి వచ్చాం కనుక జరిగింది చెప్పడం న్యాయం. ఎనిమిది డబ్బాలనూ ఇంటి నిల్వకే వదిలేసి, మా వీధిలోని దర్జీ గారిచేత తెల్ల అస్తరు వేయించి మూడు సంచులు కుట్టించాను. బ్యాటరీలు అట్టతో సహా నీలం సంచిలో ఉన్నాయి, కంటి చుక్కల సీసా మీద తేదీ రాశాను, ఒంగోలు అక్కగారు చెప్పినట్లే చార్జరు ఇంకొకటి కొన్నాను. ఈసారి కూడా యంత్రం దారిలోనే, నాయుడుపేట దగ్గర ఆగింది. నేను కిటికీ వైపు చూస్తున్నాను. అత్తమ్మ తనే రిబ్బను ఉంగరంలో వేలు పెట్టి లాగి, గోధుమరంగు కాగితం ఒలిచి, బ్యాటరీని అరచేతిలో ఉంచుకుని, పెదవులు కదుపుతూ అరవై వరకు లెక్కపెట్టి వేసుకుంది. డాక్టరు గారిని తానే రెండు ప్రశ్నలు అడిగింది.

ఇంటికి వచ్చిన రాత్రి సంచులు సర్ది వంటింటి తలుపు వెనుక మేకులకు తగిలించాను. తెల్లవారి ఆమె వాటిని చూసి, "ఇంత పైన కొడితే నాకెట్టా అందుతుందమ్మా?" అని అడిగింది. నిన్న మా వారు ఆ మూడు మేకులూ పీకి, ఆమెను నిలబెట్టి, భుజం ఎత్తుకు కొలిచి మళ్లీ కొట్టారు.