రెండో మానిటర్ పెడితే ‘నో సిగ్నల్’: మదర్‌బోర్డ్ నిజంగానే పోయిందంటారా?

సి.క్యాంప్ డీటీపీ, కర్నూలు:

అందరికీ నమస్కారం. కర్నూలు సి.క్యాంప్‌లో ఇంట్లోనే డీటీపీ చేస్తుంటాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు ఎక్కువ, ఎప్పుడైనా ఒక పుస్తకం. ఇప్పుడు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పుస్తకం చేతిలో ఉంది. మొత్తం 340 పేజీల చేతిరాత. నోటు పుస్తకాలు ఇల్లు దాటనివ్వనన్నారు, మనవడితో ఫోన్‌లో ఫొటోలు తీయించి పంపారు. ఆయన రాతలో అది ‘మ’నా ‘య’నా అని తేలాలంటే ఫొటో పెద్దది చేసి చూడాల్సిందే. ఫొటో చూడటం, ఆల్ట్ ట్యాబ్ కొట్టడం, పేజ్‌మేకర్‌లో నాలుగు మాటలు కొట్టడం, మళ్లీ ఆల్ట్ ట్యాబ్. మొన్న ఒక పేరా రెండుసార్లు కొట్టాను. అది ప్రూఫ్‌లో మాస్టారే పట్టుకున్నారు, సిగ్గేసింది.

అందుకని అటక మీదున్న మా తమ్ముడి పాత మానిటర్ దించాను. 18.5 అంగుళాలది, వెనక నీలం రంగు వీజీఏ (పాత రకం మానిటర్ కేబుల్ పెట్టే పోర్టు) ఒక్కటే ఉంది. సిస్టమ్ నాలుగో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. తమ్ముడు ఆటల కోసం జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు వేయించి, ఉద్యోగం రాగానే బెంగళూరు వెళ్లిపోయాడు. నేను రోజూ వాడే 22 అంగుళాల మానిటర్ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నడుస్తోంది.

పాత మానిటర్ కేబుల్ సీపీయూ వెనక నీలం పోర్టులో పెడితే ‘నో సిగ్నల్’ అని వచ్చి, లైటు నారింజ రంగులోకి మారి నిద్రపోతోంది. షాపులో చెబితే ‘బోర్డులో వీజీఏ పోయింది మేడమ్’ అని 350 రూపాయలకు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ ఇచ్చారు. కీబోర్డు పోర్టుల దగ్గర ఖాళీగా ఉన్న హెచ్‌డీఎంఐకి అది పెట్టినా అదే కథ. మళ్లీ వెళితే, బోర్డే మార్చాలి, 4,500 అవుతుందన్నారు. ఈ పుస్తకానికి నాకు వచ్చేదాంట్లో సగం అటే పోతుంది. బోర్డు నిజంగా పోయిందంటారా? రాత్రి నుంచి అదే టెన్షన్.

కడప కుర్రోడు:

అక్కా, విండోస్ బటన్, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ (రెండు తెరలూ కలిపి ఒకే పెద్ద తెరలా) పెట్టండి. వస్తుంది. రాకపోతే డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

సి.క్యాంప్ డీటీపీ:

నొక్కాను తమ్ముడూ, అందులో వచ్చే నాలుగూ నొక్కి చూశాను. ‘సెకండ్ స్క్రీన్ ఓన్లీ’ నొక్కినప్పుడు ఉన్నది కూడా పోతుందేమోనని భయమేసింది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో డిటెక్ట్ నొక్కితే ఇంకో డిస్‌ప్లే దొరకలేదంటోంది.

ప్రొద్దుటూరు సర్వీస్:

మేడమ్, ముందు ఆ 4,500 బీరువాలో పెట్టి తాళం వేయండి. బోర్డుకేం కాలేదనే నా నమ్మకం.

సీపీయూ వెనక పోర్టులు రెండు చోట్ల ఉంటాయి. పైన నిలువుగా కీబోర్డు, మౌస్, యూఎస్‌బీ ఉండే చోట ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నాయి కదా, అవి బోర్డువి. వాటికి కింద అడ్డంగా ఇంకో వరుస ఉంటుంది, అది మీ తమ్ముడు వేయించిన కార్డు. మీ 22 అంగుళాల మానిటర్ వైరు చేత్తో పట్టుకుని వెళ్లండి, ఆ కింది వరుసలోకే పోతుంది. కార్డు ఉన్నప్పుడు చాలా బోర్డులు తమ సొంత డిస్‌ప్లేను బయోస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లోనే, ఆపేసుకుంటాయి. అంటే పై పోర్టులు చెడిపోలేదు, పడుకున్నాయి. వాటికి వీజీఏ పెట్టినా, కన్వర్టర్ పెట్టినా, విండోస్‌లో ఏ బటన్ నొక్కినా ఏం రాదు. మీ రెండు ప్రయత్నాలూ ఆ పడుకున్న పోర్టుల మీదే జరిగినాయి.

ఇప్పుడు చేయాల్సింది: సిస్టమ్ ఆపి, కార్డు వరుసలో చూడండి. జీటీ 710 కార్డులు చాలావాటికి హెచ్‌డీఎంఐ, డీవీఐ, వీజీఏ మూడూ ఉంటాయి. వీజీఏ కనబడకపోతే కంగారు పడొద్దు, కొత్తప్పుడు పెట్టిన ప్లాస్టిక్ మూత అలాగే ఉండి ఉంటుంది. టార్చ్ వేసి చూసి, గోటితో లాగితే వచ్చేస్తుంది. పాత మానిటర్ నేరుగా దానికే పెట్టండి, కన్వర్టర్ అక్కర్లేదు.

పెట్టే ముందు కేబుల్ పిన్నులు చూడండి. మూడు వరుసలు, వరుసకు ఐదు. నడిమి వరుసలో ఒక పిన్ను లేకపోతే విరిగిందనుకోవద్దు, చాలా కేబుళ్లకు 9వ పిన్ను అసలు పెట్టరు. ఏదైనా వంగి ఉంటే, ఖాళీ అయిపోయిన రీఫిల్ ముల్లు తీసేసి ఆ గొట్టాన్ని పిన్నుకు తొడిగి మెల్లగా నిలబెట్టండి. స్క్రూడ్రైవర్‌తో గెలికితే విరిగేదాకా ఒప్పుకోదు.

ఒకవేళ మీ కార్డుకు వీజీఏ లేకుండా తెల్లగా పెద్దగా ఉండే డీవీఐ ఒక్కటే ఉంటే, చవకగా దొరికే డీవీఐ-వీజీఏ ముక్క పోర్టు చూసుకోకుండా కొనొద్దు. డీవీఐలో రెండు రకాలు. ఒక చివర అడ్డ గీత లాంటి కన్నం చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉంటేనే ఆ ముక్క పనిచేస్తుంది. ఉత్త గీత ఉంటే పనిచేయదు.

బోర్డు మీద ఇంకా అనుమానం ఉంటే పరీక్ష కూడా ఊరికే అయిపోతుంది. సిస్టమ్ ఆపి, ప్లగ్గు పీకి, కార్డు తీసేసి, మానిటర్‌ను పై పోర్టుకు పెట్టి ఆన్ చేయండి. బొమ్మ వస్తే బోర్డు బతికే ఉంది.

సి.క్యాంప్ డీటీపీ:

అన్నా, మూత ఉంది! నల్ల మూత, దాని మీద దుమ్ము. చూస్తే అక్కడ పోర్టనేదే లేనట్టుంది. తీసి కేబుల్ పెట్టి, రెండు పక్కలా మరలు బిగించి ఆన్ చేయగానే పాత మానిటర్ నీలంగా వెలిగింది. ఇంట్లో గట్టిగా అరిచానట, మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

మొదట రెండింట్లో ఒకటే బొమ్మ వచ్చింది. కడప తమ్ముడు చెప్పిన ఎక్స్‌టెండ్ అప్పుడు పనికొచ్చింది. కానీ ఇప్పుడు రెండు తిప్పలు. పాత మానిటర్ నాకు ఎడమ పక్కన ఉంది, కుడి పక్కన ప్రింటర్ ఉంది కాబట్టి కదిలించలేను. మౌస్ మాత్రం కుడి అంచు దాటిస్తేనే ఎడమ మానిటర్‌లోకి వెళ్తోంది. బుర్ర తిరుగుతోంది. ఇంకోటి, అందులో అక్షరాలు నీళ్లలో పడ్డట్టు మసకగా ఉన్నాయి.

ప్రొద్దుటూరు సర్వీస్:

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పైన 1, 2 అని రెండు పెట్టెలు కనబడతాయి. ఐడెంటిఫై నొక్కితే ఏది ఏదో తెరల మీద అంకె పడుతుంది. 2ను మౌస్‌తో పట్టుకుని 1కి ఎడమ పక్కకు లాగి వదిలి, అప్లై నొక్కండి. మానిటర్ ఒకటి ఎత్తుగా, ఒకటి దిగువగా ఉంటే పెట్టెలను కూడా అలాగే జరపండి, లేకపోతే మౌస్ మూలల్లో తట్టుకుంటుంది.

మసకకు, అక్కడే 2ను ఎంచుకుని రిజల్యూషన్ చూడండి. ఆ సైజు పాత మానిటర్లు చాలావరకు 1366, 768. ‘రికమెండెడ్’ అని ఉన్నదే పెట్టండి. తర్వాత మానిటర్ మీదే ఉన్న ఆటో బటన్ ఒకసారి నొక్కితే బొమ్మ సర్దుకుంటుంది. వీజీఏ కాబట్టి కొత్తదానంత పదును రాదు, ఫొటో చూడటానికి చాలు.

వాడనప్పుడు దాన్ని బటన్‌తో ఆపి వదిలేయొద్దు. చాలాసార్లు విండోస్‌కు ఆ సంగతి తెలియదు, కిటికీలు అక్కడే తెరుస్తుంది, మీరు ఇక్కడ వెతుక్కుంటారు. విండోస్, పీ నొక్కి ‘పీసీ స్క్రీన్ ఓన్లీ’ పెట్టాక ఆపండి. ఏదైనా అక్కడే చిక్కుకుంటే విండోస్, షిఫ్ట్ పట్టుకుని బాణం బటన్ నొక్కితే ఇటు వచ్చేస్తుంది.

అనంతపురం ఆఫ్‌సెట్:

నాదీ అదే పని కాబట్టి ఒక మాట. ఫొటోలు పాతదాంట్లో, పేజ్‌మేకర్ కొత్తదాంట్లో పెట్టుకోండి. పెళ్లి కార్డు రంగులు మాత్రం ఆ పాత మానిటర్‌లో పార్టీకి చూపించొద్దు. ఒకే కుంకుమ రంగు ఒక తెరలో మెరూన్‌లా, ఒక తెరలో ఇటుకలా కనబడుతుంది. మా షాపులో పెళ్లికూతురి మేనమామ రెండు తెరలూ చూసి ‘ఇందులో ఏది మాది?’ అని గంటసేపు కూర్చున్నాడు. కాగితం మీద ప్రింటు తీసి చూపించేదాకా లేవలేదు.

సి.క్యాంప్ డీటీపీ:

అన్నీ సర్దుకున్నాయి. ఎత్తు చాలకపోతే పాత పెళ్లి కార్డుల ఆల్బమ్‌లు మూడు పేర్చి దాని కింద పెట్టాను, రెండు తెరలూ సమానంగా వచ్చాయి. ఈ రోజు ఎడమ తెరలో మాస్టారి ఫొటో నిండా తెరిచి, కుడి తెరలో కొట్టుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి తొమ్మిది పేజీలు. మామూలుగా ఐదు దాటవు. నేను ఇన్నాళ్లూ ‘యాతన’ అని కొట్టింది ‘మాతన’ట, అది కూడా ఇప్పుడే తెలిసింది. వాళ్ల ఊరి పిల్లవాడి పేరు.

ఆ 350 కన్వర్టర్‌ను షాపువాళ్లు వెనక్కి తీసుకోం అన్నారు. దానితో ఏమైనా పని ఉంటుందా?

ప్రొద్దుటూరు సర్వీస్:

పారేయొద్దు మేడమ్. మీ తమ్ముడు పండక్కి ల్యాప్‌టాప్ తెస్తే, దానికి వీజీఏ ఉండకపోవచ్చు. అప్పుడు మీ పాత మానిటర్‌కు పెట్టివ్వండి. అయితే అది ఒక వైపే పనిచేస్తుంది, హెచ్‌డీఎంఐ వైపు ల్యాప్‌టాప్‌కు, వీజీఏ వైపు మానిటర్‌కు. తిరగేసి పెట్టి మళ్లీ ఆ షాపుకు మాత్రం పోవద్దు.