పీఎస్5 స్లిమ్ కొత్తది కొనాల్నా, పాత పెద్దది సెకండ్ హ్యాండ్‌ల చూస్కోవాల్నా?

నయీంనగర్ (చర్చ మొదలుపెట్టింది)

ప్లేస్టేషన్ 5 (పీఎస్5, సోనీ కంపెనీ ఆటల కన్సోల్) కొందామనుకునేటోళ్ల ముందు రెండు దార్లున్నయి. ఒకటి, డిస్క్ డ్రైవ్ ఉన్న కొత్త స్లిమ్. రెండోది, 2021 ఫిబ్రవరిల మన దేశానికొచ్చిన పాత పెద్ద మోడల్, సెకండ్ హ్యాండ్‌ల. ప్రాసెసర్ తాకత్ రెండింట్ల ఒకటే, ఆట ఒకటే తీరు నడుస్తది. మరి డబ్బా సన్నగైందని ఎక్కువ పైసలు పెట్టుడు దండుగనా, కాదా? వరంగల్ ఇండ్లు, మన ఎండలు, మన కరెంటు లెక్కల చెప్పండి. "నాకు స్లిమ్ ముద్దొస్తది" అనే జవాబులు వద్దు.

డీజిల్ కాలనీ

టేపు పట్టుకుంటే సగం చర్చ అయిపోతది. పాతది 390 × 260 × 104 మిల్లీమీటర్లు. స్లిమ్ 358 × 216 × 96. ఘనపరిమాణం 30 శాతం తగ్గింది. కానీ మనకు కావాల్సింది ఆ శాతం కాదు, మధ్య అంకె, అంటే లోతు.

మన దిక్కు టీవీ యూనిట్ అర లోతు మామూలుగా అడుగు, అంటే 305 మిల్లీమీటర్లు. అండ్ల పాతదాన్ని పడుకోబెడితే వెనక మిగిలేది 45. హెచ్‌డీఎంఐ (టీవీకి పోయే వైరు) ప్లగ్ పెట్టి వైరు వంచితేనే ఆ జాగ నిండుతది. వేడి గాలి బయటికి పోయేది కూడా వెనక నుంచే. అందుకే ముందుకు జరుపుతరు, ముక్కు బయటికొస్తది, అద్దం తలుపు పట్టది. స్లిమ్‌కు 89 మిగుల్తది. వైరు సులువుగ వంగుతది, గాలికి సందుంటది. అయినా గోడకు కనీసం 10 సెంటీమీటర్ల దూరం ఉండాల్నన్న సూచనకు ఇంకా 11 మిల్లీమీటర్లు తక్కువే. కాబట్టి ఏది పెట్టినా అర వెనక ప్లైవుడ్ ముక్క కోయించుడు తప్పది. తేడా ఏందంటే, స్లిమ్‌కు చిన్న కిటికీ సాలు, పాతదానికి వెనక మొత్తం తీసేయాలె.

8 ఇంక్లైన్

డీజిల్ కాలనీ అన్నా, టేపు లెక్క మంచిగుంది గని మీరు ఎండ సంగతి మరిచిర్రు. సోనీ చెప్పే వాడకం ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మే నెలల రామగుండం, గోదావరిఖనిల బయట 45 దాకా పోతది. కూలర్ నడిచే ఇంట్ల కూడా మధ్యాహ్నం 35 లోపల ఉండుడు కష్టం. గసుంటి చోట చిన్న డబ్బా, చిన్న హీట్‌సింక్ (చిప్ వేడిని గుంజే లోహపు రెక్కలు) ఎందుకు? 2020 నాటి మొదటి మోడల్ బరువు నాలుగున్నర కిలోలు. ఆ బరువుల హీట్‌సింక్ వాటా పెద్దది. స్లిమ్ 3.2 కిలోలు. తగ్గిన బరువు యాడికెళ్లి తగ్గింది? నా ఓటు పాతదానికే.

సుబేదారి సర్వీస్

8 ఇంక్లైన్ తమ్మీ, లెక్కల ఒక మెట్టు దాటేసినవ్. "పాతది" అంటే ఒక్క మోడల్ కాదు, మూడున్నయి. వెనక స్టిక్కర్ మీద నంబర్ చూడాలె.

సీఎఫ్ఐ-1000 సిరీస్: 4.5 కిలోలు, పెద్ద హీట్‌సింక్, 7 నానోమీటర్ల చిప్.
సీఎఫ్ఐ-1100 సిరీస్: 4.2 కిలోలు. చిప్ అదే, హీట్‌సింక్ మాత్రం చిన్నగ చేసిర్రు.
సీఎఫ్ఐ-1200 సిరీస్, 2022ల వచ్చింది: 3.9 కిలోలు, 6 నానోమీటర్ల చిప్.

స్లిమ్‌ల ఉన్నది కూడా 6 నానోమీటర్ల చిప్పే. ఈ నానోమీటర్ల అంకె తగ్గితే చిప్ తక్కువ కరెంటు తాగుతది. చిప్ తక్కువ కరెంటు తాగితే తక్కువ వేడెక్కుతది, కాబట్టి హీట్‌సింక్ చిన్నదైనా నడుస్తది. బరువు చూసి చల్లదనం చెప్పలేం. మోటు లెక్కల పెద్ద ఆట నడిచేటప్పుడు 200 వాట్ల దగ్గర పడుతది, అంటే 5 గంటలకు ఒక యూనిట్. కరెంటు బిల్లు కోసం పాతది అమ్మి స్లిమ్ కొనుడు ఎప్పటికీ గిట్టది.

ఇగ అసలు తేడా నాకు కనపడేది డిస్క్ డ్రైవ్ దగ్గర. పాత మోడల్ల డ్రైవ్‌కున్న సర్క్యూట్ బోర్డు, కన్సోల్ మదర్‌బోర్డుకు జత కట్టి ఉంటది. ఇంకో కన్సోల్ నుంచి మొత్తం డ్రైవ్ తీసి పెడితే ఆట డిస్కులు చదవది. లెన్స్ ఖరాబైతే మెకానిజం మాత్రమే మార్చి, అసలు బోర్డు అట్లనే ఉంచాలె. డబ్బా మొత్తం విప్పాలె, సన్న రిబ్బన్ కేబుళ్లుంటయి, తొందరపడితే లాక్ విరుగుతది. స్లిమ్‌ల అయితే కింది ప్యానెల్ ఊడదీసి డ్రైవ్ గుంజితే వచ్చేస్తది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. కొత్త డ్రైవ్ పెట్టి, నెట్ పెట్టి జత చేస్తే అయిపోతది. కన్సోల్‌ల తిరిగే భాగాలు రెండే: ఫ్యాను, డ్రైవు. ముందుగాల అరిగేటివి అవే. అండ్ల ఒకటి ఇంట్లనే మార్చుకునేటట్టు చేసిర్రంటే చిన్న సంగతి కాదు.

మంకమ్మతోట

సుబేదారి సర్వీస్ గారు చెప్పినదాంట్లోనే మెలిక ఉంది. "నెట్ పెట్టి జత చేస్తే" అన్నారు కదా. ఆ జత కుదరాలంటే సోనీ సర్వర్ పలకాలి. ఇంకో పదిహేనేళ్లకు ఆ సర్వర్ మూతపడిందనుకోండి, డ్రైవ్ కొత్తదైనా, డిస్క్ చేతిలో ఉన్నా ఉపయోగం లేదు. డిస్కులు దాచుకునేవాళ్లకు పాత మోడలే నయం, దాని జత ఫ్యాక్టరీలోనే అయిపోయింది.

ఇంకో మాట. స్లిమ్ అన్న ప్రతిసారీ ఏదో ఒకటి కోసేశారు. 2004లో వచ్చిన పీఎస్2 స్లిమ్‌లో హార్డ్ డిస్క్ పెట్టే జాగా పోయింది. 2009 పీఎస్3 స్లిమ్‌లో వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునే వీలు పోయింది. 2016 పీఎస్4 స్లిమ్‌లో ఆప్టికల్ ఆడియో పోర్టు పోయింది, పాత హోమ్ థియేటర్లున్నవాళ్లు అడాప్టర్ల కోసం తిరిగారు. ఇప్పటి స్లిమ్‌లో? నిలబెట్టే స్టాండు డబ్బాలో రాదు, విడిగా కొనాలి. పడుకోబెట్టడానికి రెండు చిన్న ప్లాస్టిక్ కాళ్లు ఇస్తారు, అంతే. ముందువైపు పాత యూఎస్‌బీ పోర్టు తీసేసి రెండూ టైప్-సీ చేశారు. పెన్‌డ్రైవ్, స్టీరింగ్ వీల్ పెట్టాలంటే చెయ్యి వెనక్కి పోవాల్సిందే. అర వెనక చెయ్యి దూరే సందు ఎంతో డీజిల్ కాలనీ గారే కొలిచి చెప్పారు.

డీజిల్ కాలనీ

89 మిల్లీమీటర్ల సందుల చెయ్యి దూరుతది మంకమ్మతోట గారూ. 45ల దూరది. 😀

నయీంనగర్

డ్రైవ్ లేని స్లిమ్ ఇంకా తక్కువకు వస్తది కదా, దాని సంగతేంది?

మంకమ్మతోట

2024 ఏప్రిల్ 5న స్లిమ్ ఇక్కడ విడుదలైనప్పుడు డిస్క్‌ది 54,990, డిజిటల్‌ది 44,990 రూపాయలు. తేడా పదివేలు. డిస్కు అయితే ఆట అయిపోయాక అమ్మొచ్చు, మార్చుకోవచ్చు. డిజిటల్‌లో కొన్నది మీ ఖాతాకే అతుక్కుపోతుంది. ఏడాదికి మూడు, నాలుగు కొత్త ఆటలు కొని అమ్మేవాళ్లకు పదివేలు వెనక్కి రావడం పెద్ద కష్టం కాదు. రెండే ఆటలు ఏళ్లతరబడి ఆడేవాళ్లకు డ్రైవ్ అనవసరం. డౌన్‌లోడ్ కాలం కూడా చూసుకోండి: 100 జీబీ ఆట 40 ఎంబీపీఎస్ ఫైబర్ మీద ఐదున్నర గంటలు, 100 మీద రెండుంపావు.

8 ఇంక్లైన్

సరే, చిప్ సంగతి ఒప్పుకుంట. సర్వీసన్న చెప్పినట్టయితే వెతకాల్సింది 1200 సిరీసే. గని దుమ్ము? మా దిక్కు ఓపెన్ కాస్ట్ బొగ్గు దుమ్ము, మీకు ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి నూగు. స్లిమ్ హీట్‌సింక్ రెక్కల మధ్య సందు ఇంకా సన్నగుంటదేమో.

సుబేదారి సర్వీస్

బొగ్గు దుమ్ము, పత్తి నూగు ఒకటే తీరు కాదు. బొగ్గు దుమ్ము నూనె లెక్క రెక్కలకు పట్టుకుంటది, గాలి కొడితే సగమే పోతది. పత్తి నూగు ఫ్యాను దాటి హీట్‌సింక్ మూతి దగ్గర మెత్తని పొర కడుతది. బయటి నుంచి చూస్తే ఏం కనపడది, గని గాలి ఆగిపోతది. గుర్తు ఏందంటే, ఫ్యాను మోత పెరుగుతది, వెనక చెయ్యి పెడితే వచ్చే గాలి మాత్రం పల్చగుంటది.

తుడిచే పద్ధతి రెండింటికీ ఒకటే. రెస్ట్ మోడ్‌ల (సగం నిద్రల) కాదు, పూర్తిగ బంద్ చేసి ప్లగ్గు తీయాలె, చల్లారనియ్యాలె. ప్యానెళ్లు తీయాలె: పాతదానికి రెండు, స్లిమ్‌కు నాలుగు. ఫ్యాను రెక్కను వేలుతోటి పట్టుకొని అప్పుడే బ్లోయర్ కొట్టాలె, అది కూడా దూరం నుంచి, తక్కువ స్పీడ్ మీద. పట్టుకోకుంటే ఫ్యాను గిర్రున తిరిగి బేరింగ్ పోతది. పాత మోడల్ల దుమ్ము కూడేటందుకు రెండు రంధ్రాలిచ్చిర్రు, అక్కడ వాక్యూమ్ పెడితే సాలు. మార్చి చివర్ల ఒకసారి, దసరా ముందు ఒకసారి చేస్తే మన దిక్కు సరిపోతది.

హీట్‌సింక్ దాకా మాత్రం ఇంట్ల విప్పొద్దు. చిప్ మీద ఉండేది మామూలు పేస్టు కాదు, లిక్విడ్ మెటల్. కరెంటు పాస్ చేస్తది. ఒక్క బొట్టు బోర్డు మీద జారితే షార్ట్. తుడిచేసి పది రూపాయల తెల్ల పేస్టు పూసి ఇచ్చే దుకాణాలుంటయి. అసుంటి కన్సోల్ సెకండ్ హ్యాండ్‌ల దొరికిందంటే, ఫ్యాను మోతే దాని జాతకం.

హసన్‌పర్తి

స్టోరేజ్ గురించి ఎవ్వరు రాయలె. పాతది 825 జీబీ, వాడుకునేటందుకు 667. స్లిమ్ 1 టీబీ, చేతికొచ్చేది 840 జీబీ చుట్టుపక్కల. తేడా రెండు పెద్ద ఆటలు. పాతది తీసుకొని, మిగిలిన పైసలతోటి ఎం.2 ఎస్ఎస్‌డీ (లోపల బిగించే అదనపు స్టోరేజ్ పట్టీ) వేసుకుంటే స్లిమ్‌ను మించిపోతది.

కొనేటప్పుడు చూడాల్సినవి: జెన్4 ఎన్‌వీఎంఈ (ఎస్ఎస్‌డీ రకం పేరు), చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ, హీట్‌సింక్ తప్పనిసరి. హీట్‌సింక్‌తో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటొద్దు. చాలామంది తప్పేది ఈడనే. కంప్యూటర్ కోసం చేసిన బొద్దు హీట్‌సింక్‌ది తెచ్చుకుంటరు, స్లాట్ మూత పడది. ఇంకోటి, లోపల స్పేసర్ అని చిన్న రింగు ఉంటది. దాన్ని 80 అని రాసిన రంధ్రం దగ్గరికి జరపకుండ 2280 సైజు (80 మిల్లీమీటర్ల పొడుగు) ఎస్ఎస్‌డీ బిగిస్తే బోర్డు వంగుతది. బయటి యూఎస్‌బీ హార్డ్ డిస్క్ల పీఎస్5 ఆటలు దాచొచ్చు గని అండ్లకెళ్లి ఆడరాదు. పీఎస్4 ఆటలైతే నడుస్తయి.

నయీంనగర్

కరెంటు పోతే? ఎండకాలం సాయంత్రాలు తెలిసిందే కదా.

హసన్‌పర్తి

ఈ విషయంల స్లిమ్, పాతది తేడా లేదు. రెండూ 100 నుంచి 240 వోల్ట్ల దాకా తీసుకుంటయి, కాబట్టి లో వోల్టేజీకి స్టెబిలైజర్ అక్కర్లేదు. సేవ్ అయితున్నప్పుడు కరెంటు పోవుడే ప్రమాదం. మళ్ల ఆన్ చేస్తే స్టోరేజ్ సరిచేస్తున్నట్టు తెర వస్తది, దాన్ని మధ్యల ఆపొద్దు. ఇంటి ఇన్వర్టర్ ఉంటే వెనక యూపీఎస్ మోడ్ (కరెంటు పోంగనే గబుక్కున బ్యాటరీకి మారేది) స్విచ్ ఉన్నదా చూడండి. మామూలు మోడ్‌ల మారే ఆ క్షణంలనే కన్సోల్ ఆగిపోవచ్చు. ఇన్వర్టర్ కూడా సైన్ వేవ్‌దే (లైన్ కరెంటు లెక్క సాఫీగ ఇచ్చేది) ఉండాలె.

సుబేదారి సర్వీస్

పాతది కొనేటోళ్లు అమ్మేటాయన ఇంట్ల గంటసేపు కూసోవాలె, మొహమాటం వద్దు. స్టిక్కర్ మీద 1200 ఉన్నదా? స్క్రూ తలకాయలు గీసుకపోయినయా? బరువైన ఆట 40 నిమిషాలు నడపండి. చెప్పకుండ ఆరిపోతే లేచి రండి. హెచ్‌డీఎంఐ ప్లగ్‌ను జర కదపండి, బొమ్మ మినుకుమంటే పోర్టు వదులైంది. డిస్క్ పెట్టి, తీసి, మళ్ల పెట్టండి. మీ సొంత ఖాతాతోటి లాగిన్ అయి ఆన్‌లైన్ ఆట తెరవండి. కన్సోల్ బ్యాన్ అయి ఉంటే అక్కడనే బయటపడుతది. 1000, 1100 అయితే ధర ఇంకా దిగాలె. వారంటీ లేని 1200కు కొత్త స్లిమ్ ధరల మూడింట రెండొంతులు దాటితే నేనైతే స్లిమ్ దిక్కే చూపిస్త.

మంకమ్మతోట

మూడింట రెండొంతులు ఎక్కువ సార్. సగానికి పైన ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు.

8 ఇంక్లైన్

సగానికి 1200 ఎవలిస్తరు సార్, 1000 సిరీసే వస్తది. పోనీ స్లిమ్ తీసుకునేటోళ్లు ఆ ప్లాస్టిక్ కాళ్లు మాత్రం పారేయకుర్రి. అవి లేకుండ పడుకోబెడితే డబ్బా ఒక దిక్కు ఒరుగుతది.