మిర్మెసిజాను 12 ముక్కలు చేయాల్సినంత అవసరం ఉందా?

కొంగరెక్క:
అమెరికా ఉష్ణమండల అడవుల్లో చీమలదండు కదిలితే, బెదిరి పైకొచ్చే పురుగుల కోసం కొన్ని పిట్టలు వెంట తిరుగుతాయి. ఆ అలవాటు మీదే మొత్తం కుటుంబానికి యాంట్‌బర్డ్స్ అని పేరొచ్చింది. వాటిలో దాదాపు 20 జాతులు మిర్మెసిజా అనే ఒకే ప్రజాతిలో (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) ఉండేవి. 2013లో ఇస్లర్, బ్రావో, బ్రమ్‌ఫీల్డ్ అనే పరిశోధకులు దాన్ని 12 ప్రజాతులు చేశారు. అందులో 6 ప్రజాతుల్లో ఒక్కో జాతే! పేరు వింటే ఏది దేనికి చుట్టమో తెలియాలి. ఒంటి పిట్టకో ప్రజాతి అంటే ఇంకేం తెలుస్తుంది? నా దృష్టిలో ఇది అతి.

చిట్టడవి:
చుట్టరికం తేలాలనే విడగొట్టారండీ. ఎక్కడా ఇమడని పిట్టల్ని పాతవాళ్లు మిర్మెసిజాలో వేస్తూ పోయారు. డీఎన్‌ఏ చూస్తే అవి వేర్వేరు కొమ్మల మీద తేలాయి. అన్నిటినీ ఒకే పేరు కింద ఉంచాలంటే ఆ కొమ్మల మధ్యలో ఉన్న పైరిగ్లీనా, పిథిస్, మైక్రోరోపియాస్ అనే వేరే ప్రజాతులను కూడా లాక్కురావాలి. అది మీకు సమ్మతమేనా?

విడగొట్టిన ప్రజాతులు ఉండే చోట్లు చూడండి. అప్రోసిటోర్నిస్ దక్షిణ వెనెజులా చుట్టుపక్కల తెల్ల ఇసుక నేలల పొదల్లో ఉంటుంది. ఆంపెలోర్నిస్ నైరుతి ఈక్వడార్, వాయవ్య పెరూ కొండల్ని దాటదు. ఇప్పటికీ మిర్మెసిజా పేరుతోనే ఉన్న తెల్లపొట్ట పిట్ట లాంజిపెస్‌ను నేను ట్రినిడాడ్‌లో చూశాను. ఎండుటాకుల మీద పొడుగాటి లేతగులాబీ కాళ్లతో నడుస్తూ పోయింది. వీపు ఇటుకరంగు, గొంతు నలుపు. పనామా నుంచి ఉత్తర బ్రెజిల్ దాకా ఉంటుంది.

కొంగరెక్క:
పిథిస్ సంగతి ఒప్పుకుంటాను, అన్నీ కలిపేస్తే పేరుకు అర్థం ఉండదు. కానీ ఉండే చోటే ఆధారమైతే ఆ 12లో ఒకటైన మిర్మోడెరస్ మాటేమిటి? అందులో ఫెర్రుజినియస్ అనే జాతి అమెజాన్ వైపు, లోరికేటస్, స్క్వామోసస్ బ్రెజిల్ అట్లాంటిక్ అడవిలో. మధ్యన కటింగా, సెరాడో లాంటి పొడి నేలలు. వాటిని మాత్రం ఒక్కటిగా ఎలా ఉంచారు?

చిట్టడవి:
మంచి ప్రశ్న. చోటు తోడ్పడుతుందే తప్ప రుజువు కాదు, నేనే కలిపి రాశాను. ఎంత దూరాన ఉన్నా ఆ మూడూ ఒకే కొమ్మవి. 2018లో పెరూలోని కార్డిలేరా అజుల్ కొండల నుంచి వర్ణించిన కొత్త జాతి ఇయోవిల్సోనైని నేరుగా మిర్మోడెరస్‌లోనే పెట్టారు. పాత లెక్కలోనైతే అదీ మిర్మెసిజా కుప్పలోకే పోయేది.

తాటిగుట్ట:
మన తోటల్లో గుంపుగా తిరిగే జంగిల్ బాబ్లర్‌నూ టర్డాయిడీస్ ప్రజాతి నుంచి ఆర్గ్యాకు మార్చారుగా. మొదట నాకూ కోపమొచ్చింది. ఇంతకీ మిర్మెసిజా అనే పాత పేరు లాంజిపెస్‌కే ఎందుకు మిగిలింది?

చిట్టడవి:
1841లో గ్రే అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన ఆ ప్రజాతికి మూలజాతి (ఆ పేరుకు ఆధారమైన జాతి) అదే. ముక్కలైనా పేరు మూలజాతితోనే పోతుంది, నియమం అది.

కొంగరెక్క:
సరే, నోట్‌బుక్‌లో కొట్టేసి దిద్దుతున్నాను. కానీ ఆ 6 ఒంటి ప్రజాతుల్లో కొన్నిటినైనా దగ్గరి చుట్టాలతో కలపొచ్చన్న మాట మీదే ఉన్నాను.