పాకకుండా దేకుతోంది, పాకుండలు చేయాలా వద్దా?

పాలకొల్లు పిల్ల:
అందరికీ నమస్తే. మా పాపకి తొమ్మిదో నెల నడుస్తోంది. నవ్వినప్పుడు నువ్వుండలు, బోర్లా పడ్డప్పుడు బొబ్బట్లు అపార్ట్‌మెంటంతా పంచాం. ఇప్పుడు పాకుండల దగ్గర ఆగిపోయాం. పిల్ల పాకడం లేదు, దేకుతోంది. కూర్చునే, ఒక కాలు మడిచి, చెయ్యి నేలకు ఆనించి, రెండో కాలి మడమతో లాక్కుంటూ జరజరా వెళ్లిపోతుంది. నేను కుక్కర్ మూత పెట్టి వెనక్కి తిరిగేలోపు హాల్లోంచి ఉల్లిపాయల బుట్ట దగ్గరికి వచ్చేసి ఉంటుంది. బోర్లా పడుకోబెడితే మాత్రం ఒకటే ఏడుపు.

మా అత్తయ్యగారు "మావాడు ఏడో నెలకే ఇల్లంతా పాకేశాడు" అంటారు. ఎదురు ఫ్లాట్ ఆంటీ లిఫ్ట్ దగ్గర కనిపిస్తే చాలు, "ఇంకా పాకట్లేదా అమ్మా?" పిల్లల డాక్టర్ గారు చూసి పర్లేదన్నారు, కానీ బయట క్యూ ఉందని గబగబా పంపేశారు. మీ పిల్లలెవరైనా ఇలా చేశారా? నవ్వకండి, ఇంకో డౌటు కూడా ఉంది. పాకకుండానే లేచి నిలబడితే పాకుండలు చేయాలా, మానేయాలా?

కాకినాడ కాజా:
మావాడు అచ్చం ఇంతే. పొట్ట మీద పాకడం, మోకాళ్ల మీద పాకడం రెండూ లేవు, కూర్చునే ఊరంతా తిరిగాడు. వాడి నిక్కర్లన్నీ వెనక వైపే అరిగిపోయేవి. మా అత్తగారిని అడిగితే, మా ఆయన కూడా చిన్నప్పుడు దేకేవాడట! ఇలాంటిది కుటుంబాల్లో వస్తుందని తర్వాత డాక్టరమ్మ చెప్పారు. మీ వాళ్లని, మీ ఆయన వైపు వాళ్లని ఓసారి కదిపి చూడండి, ఎవరో ఒకరు బయటపడతారు. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, దేకే పిల్లలు నడక కాస్త ఆలస్యంగా మొదలుపెడతారు. మావాడు పుట్టినరోజు ఫోటోల్లో అన్నింట్లోనూ కూర్చునే ఉన్నాడు. పదిహేనో నెల దాటాక లేచి నడిచాడు. ఇప్పుడు పట్టుకోండి చూద్దాం.

రాత్రి డ్యూటీ నాన్న:
అమ్మల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా పాప విషయంలో ఇలాగే టెన్షన్ పడి చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో అయిదు దేశాల పిల్లల్ని చూసి లెక్కలు ఇచ్చింది. ఘనా, నార్వే, ఒమన్, అమెరికాతో పాటు మన ఢిల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. ఏ ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య. మోకాళ్ల మీద పాకడం 5.2 నుంచి 13.5. ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఇంత తేడా. ఒకరు ఎనిమిది నెలలు దాటగానే నడిస్తే ఇంకొకరు ఏడాదిన్నరకి నడవొచ్చు, ఇద్దరూ మామూలు పిల్లలే.

మీకు కావలసిన ముక్క ఇదిగో: వాళ్లలో 4.3 శాతం మంది అసలు మోకాళ్ల మీద పాకనే లేదు. లిఫ్ట్ దగ్గర ఆంటీకి ఈ నంబర్ చెప్పండి. ఆవిడ వినరు, అయినా చెప్పండి.

ఫ్రిస్కో అమ్మ:
ఇక్కడ అమెరికాలో ప్రతి చెకప్‌కి ముందు ఒక ఫారం నింపాలి, పిల్ల ఇది చేస్తుందా, అది చేస్తుందా అని. ఈ దేశపు ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు 2022లో తమ పట్టిక మార్చినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేశారు. ఎప్పుడు, ఎలా పాకుతారన్నది ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి. ఇది మా అమ్మకి ఫోన్లో చెప్తే "తీసేస్తే తీసేశారులే, నువ్వు మాత్రం పిల్లని చాప మీద వదులు" అంది.

మా అమ్మ ఇక్కడున్న ఆరు నెలలూ నాకు ఏదీ తెలియలేదు. కాళ్లు చాపుకుని బాత్‌టబ్‌లో కూర్చుని, పిల్లని కాళ్ల మీద వేసుకుని నలుగు పెట్టి స్నానం చేయించేది. అమ్మని విమానం ఎక్కించి వచ్చిన మర్నాడు నేను అలా కూర్చుంటే పిల్ల సబ్బుకి జారిపోతోంది, నాకు చెమటలు. చివరికి ప్లాస్టిక్ టబ్ కొన్నా. ఆ వారంలోనే బోర్లా పడింది. బొబ్బట్లు ఇండియన్ స్టోర్‌లో ఫ్రీజర్లోవి తెచ్చి పంచాను, ఎవరూ కనిపెట్టలేదు.

తెనాలి అమ్మమ్మ:
ఫ్రీజర్ బొబ్బట్లా! సర్లే తల్లీ, చేతిలో పిల్లని పెట్టుకుని పూర్ణం ఎక్కడ రుబ్బుతావు.

పాలకొల్లు అమ్మాయీ, నేను నలుగురు మనవల్ని కాళ్ల మీద వేసుకుని పెంచాను. ఒకడు పాకాడు, ఒకతె దేకింది, ఒకడు దొర్లుకుంటూ మంచం కిందికి వెళ్లేవాడు. అందరికీ పెళ్లీడు వచ్చింది. పిల్ల ఉన్నచోటు నుంచి కదిలింది అంటే పాకుండలు చేసెయ్యడమే. ఎలా కదిలిందని దేవుడేమీ లెక్క అడగడు.

ఇంకో మాట. బోర్లా పడుకోబెడితే ఏడుస్తుందన్నావు కదా. గచ్చు మీద ఒక్కదాన్నే పడుకోబెడితే ఏ పిల్లైనా ఏడుస్తుంది. నువ్వు వెల్లకిలా పడుకుని నీ పొట్ట మీద బోర్లా వేసుకో. నీ మొహం కనిపిస్తుంటే మెడ, చేతులు అదే లేపుతుంది. పాలు పట్టిన వెంటనే మాత్రం వద్దు, కక్కుతుంది.

కరీంనగర్ కోడలు:
మా బాబు నెలలు నిండకుండా ఏడున్నర నెలలకే పుట్టిండు. నాతోపాటు అదే నెలలో మా ఆడబిడ్డకి పాప. ఇంకేముంది, ఇంట్లో రోజూ పోలికలే. ఆమె బోర్ల పడ్డది, వీడు పడలే. ఆమె కూర్చున్నది, వీడు కూర్చోలే. 21వ రోజు తొట్టెల వేసినప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఆగలే.

హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ ఒకాయన చెప్పిండు, ముందుగా పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ నుంచి లెక్క పెట్టొద్దు, డెలివరీ కావాల్సిన తేదీ నుంచి పెట్టాలి, రెండేళ్ల దాకా అదే లెక్క అని. అంటే కాగితం మీద తొమ్మిది నెలలున్నా మావాడు ఏడున్నర నెలల పిల్లగాడి కిందనే లెక్క. ఆ లెక్కన చూస్తే అన్నీ టైముకే చేస్తుండు. టీకాలకి మాత్రం ఈ సవరణ వర్తించదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలె. ఇది ఎవరికన్నా పనికొస్తదని రాస్తున్న.

బెంగళూరు తెలుగమ్మాయి:
మీరంతా పిల్ల ఏం చేసిందో చూశారు, అదే అదృష్టం. 2017 ప్రసూతి సెలవుల చట్టం ప్రకారం నాకు 26 వారాల సెలవు ఇచ్చారు, కాదనను. కానీ అందులో మూడు వారాలు డెలివరీకి ముందే పోయాయి. బాబు బోర్లా పడింది నేను మళ్లీ ఆఫీసులో చేరాక. ఆయా వీడియో పంపింది. మీటింగ్‌లో ఫోన్ బల్ల కింద పెట్టుకుని శబ్దం లేకుండా చూశాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు, ఎదురుగా మేనేజరు స్లైడ్లు మారుస్తున్నాడు.

అదే చట్టంలో ఇంకోటి కూడా పెట్టారు, చాలామందికి తెలియదు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఏర్పాటు చేయాలి, తల్లిని రోజుకి నాలుగు సార్లు అక్కడికి వెళ్లనివ్వాలి. మా కంపెనీలో క్రెష్ ఎక్కడంటే, రెండు సిగ్నళ్లు దాటి ఇంకో బిల్డింగులో ఉన్న ప్లే స్కూలు చూపించారు. ఆ ట్రాఫిక్‌లో నాలుగు సార్లా! హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను, చూద్దాం.

సాయంత్రం ఇంటికి రాగానే చీరైనా మార్చకుండా నేల మీద వాడి పక్కన పడుకుంటాను. ఆ గంటలో వాడు ఏం చేస్తే అదే నాకు మొదటిసారి. మర్నాడు ఆయాతో "నువ్వు ముందే చూసినా నాకు చెప్పకు" అని ఒప్పందం చేసుకున్నాం.

కాకినాడ కాజా:
ఆ ఒప్పందం భలే ఉంది అక్కా.

గుంటూరు సిస్టర్:
నేను ఏఎన్ఎంని, అంటే తల్లీపిల్లల్ని చూసుకునే ప్రభుత్వ నర్సుని. పాకడం గురించి పైన అందరూ చెప్పింది సరే. కానీ "ఏ పిల్లైనా ఎప్పుడో అప్పుడు చేస్తుందిలే" అనే మాటని మరీ సాగదీయకండి. కొన్ని విషయాల్లో ఆగకూడదు.

నాలుగు నెలలు దాటినా మెడ నిలబడకపోతే, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోతే, ఏడాదిన్నరకీ నడవకపోతే చూపించాలి. కాళ్లు కర్రల్లా బిగుసుకుపోవడం, లేదా ఎత్తుకుంటే గుడ్డలా వేలాడిపోవడం. ఏడాది లోపే ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచడం. పిలిస్తే చూడకపోవడం. అన్నింటికంటే ముఖ్యం, నిన్న చేసింది ఇవాళ మానేయడం. వచ్చిన విద్య పోతే ఒక్క వారం కూడా ఆగొద్దు.

మీ దగ్గర తల్లీబిడ్డ కార్డు ఉంటుంది కదా, టీకాలు రాసేది. అందులో ఏ నెలకి ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది, ఎవరూ ఆ పేజీ తిప్పరు. తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకి, విటమిన్ ఏ చుక్కలకి ఎలాగూ వస్తారు, అప్పుడు ఆ పేజీ తీసి మమ్మల్ని నిలదీసి అడగండి.

పాలకొల్లు పిల్ల గారూ, పాప బొమ్మ అందుకునేటప్పుడు రెండు చేతులూ వాడుతుందా? దేకేటప్పుడు ఎప్పుడూ ఒకే వైపా, మారుస్తుందా?

పాలకొల్లు పిల్ల:
సిస్టర్ గారూ, మీరు అడిగాక నిన్నంతా అదే పనిగా గమనించాను. చెంచా ఇస్తే రెండు చేతులతోనూ తీసుకుంటుంది, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటుంది కూడా. దేకేటప్పుడు ఎక్కువగా ఎడమ చెయ్యే ఆనిస్తుంది, కానీ గోడ అడ్డం వస్తే రెండో వైపుకి తిరుగుతుంది. నా చేతులు పట్టుకుని నిలబడితే రెండు పాదాలూ ఆనిస్తోంది. టీకాకి వెళ్లినప్పుడు మళ్లీ చూపిస్తాను.

పేరెందుకులే:
సిస్టర్ చెప్పిన పిడికిలి సంగతి మా ఇంట్లో జరిగింది కాబట్టి రాస్తున్నా. మా చిన్నది కుడి చెయ్యి వాడేది కాదు. "ఎడమచేతి వాటం, వాళ్ల తాతలాగా" అని ఇంట్లో మురిసిపోయారు. నాకే ఎందుకో మనసొప్పలేదు. మొదట చూపించిన ఆస్పత్రిలో "ఫస్ట్ టైమ్ మదర్స్ అంతా ఇంతే" అని నవ్వి పంపేశారు. తర్వాత జిల్లా ఆస్పత్రిలో డీఈఐసీ అని ఒక విభాగం ఉందని అంగన్‌వాడీ టీచర్ చెప్పింది. పిల్లల ఎదుగుదలలో ఆలస్యాలు చూసి అక్కడే ఫిజియోథెరపీ ఇస్తారు. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య కార్యక్రమం కిందది, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ కనుక్కున్నారు, కుడి వైపు కండరాలు బిగుసుకుంటున్నాయని. వ్యాయామాలు నేర్పారు. వేళ్లు ఒక్కొక్కటి విప్పి, బొటనవేలు బయటికి తీసి, అరచేతిలో మెత్తటి బ్రష్ రాయాలి, రోజూ పాలు పట్టే ముందు. ఇంకా చేస్తూనే ఉన్నాం. మొన్న కుడిచేత్తో నా మంగళసూత్రం పట్టుకుని లాగింది.

దేకే పిల్లల తల్లుల్ని భయపెట్టడానికి కాదు. లిఫ్ట్ ఆంటీ మాట వినకండి, మీ కళ్లు చెప్పేది మాత్రం వినండి.

తెనాలి అమ్మమ్మ:
బంగారు తల్లి. ఆ చెయ్యి పూర్తిగా తిరుగుతుంది చూడు. మంగళసూత్రం లాగడం మొదలెట్టిందంటే ఇక తెంపకుండా వదలదు, పసుపుతాడు వేసుకో.

పాలకొల్లు పిల్ల:
అక్కా, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. పాపకి మా ఇంటి నుంచి ముద్దులు.

ఇంకో గొడవ. మా పెద్దాడపడుచు వాకర్ పంపింది, చుట్టూ రింగు, మధ్యలో సీటు ఉండేది. "ఇందులో కూర్చోబెట్టు, నెలలో నడుస్తుంది" అని. విప్పకుండా పక్కన పెట్టాను, రోజూ వీడియో కాల్‌లో అడుగుతోంది.

రాత్రి డ్యూటీ నాన్న:
విప్పకండి. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. మెట్ల మీంచి పడటం, చెయ్యి అందకూడనివి అందుకోవడం లాంటి ప్రమాదాల వల్ల. నడక త్వరగా రావడం కూడా ఉండదు, వేళ్ల మీద తోసుకోవడం అలవాటవుతుంది. మావాళ్లు కొన్నది నేనే విడదీసి అటక మీద పడేశాను.

కాకినాడ కాజా:
మన పాతకాలం మూడు చక్రాల చెక్క బండి ఉంటుంది కదా, పిల్లలు నిలబడి తోసుకునేది, అది వేరే. నిలబడటం వచ్చాక అది ఇవ్వండి, పక్కన మనం ఉండాలి అంతే. టైల్స్ మీద ఉత్త కాళ్లతో వదలండి, సాక్సులు వేస్తే జారిపోతారు. వదినగారికి మాత్రం "ఎక్కించాం వదినా, భలే ఉంది" అనెయ్యండి.

గుంటూరు సిస్టర్:
అబద్ధాలు నేర్పకండి! డాక్టర్ గారు వద్దన్నారని చెప్పండి, నిజమే కదా, ఏ పిల్లల డాక్టరైనా అదే అంటారు.

ఫ్రిస్కో అమ్మ:
అమ్మమ్మగారూ, ఒక్క సాయం. ఫ్రీజర్ బొబ్బట్లకి పరిహారంగా పాకుండలు నేనే చేశాను. నూనెలో వేయగానే విచ్చిపోయి అడుగున పిండి పిండిగా మిగిలింది. సోనామసూరి నానబెట్టి మిక్సీలోనే పట్టాను.

తెనాలి అమ్మమ్మ:
బియ్యం తప్పు కాదు, పాకం ముదరలేదు. రాత్రంతా నానిన బియ్యం వడగట్టి, తడి ఉండగానే పిండి పట్టి జల్లించావా? జల్లించాక అది ఆరిపోకుండా మూత పెట్టి ఉంచు. బెల్లం పాకం నీళ్ల పళ్లెంలో చుక్క వేస్తే కరిగిపోకుండా వేళ్ల మధ్య ఉండ కట్టాలి, అప్పుడు దించి నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు, వేయించిన కొబ్బరి ముక్కలు వేసి, పిండి కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. చేతికి నెయ్యి రాసుకుని చిన్న ఉండలు చెయ్యి. ముందు ఒక్కటి నూనెలో వేసి చూడు, విచ్చిందంటే ఇంకో గుప్పెడు పిండి కలుపు. మంట మధ్యలో ఉండాలి, ఎక్కువైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

పిల్లకి మాత్రం పెట్టకండి ఎవరూ, కొబ్బరి ముక్క గొంతుకి అడ్డం పడుతుంది. ఊరికి పంచి, మిగిలినవి మీరు తినండి. పాలిచ్చే తల్లికి ఆకలి ఎక్కువ.