మిడి కేబుల్ ప్రతి షోలో చస్తోంది, ఈసారి సొంతంగా చేసుకుందామని

ఉప్పల్_స్ట్రాట్:
అందరికీ నమస్తే. మాది కవర్స్ బ్యాండ్, కాలేజీ ఫెస్టులు, సంగీత్‌లు, అప్పుడప్పుడు వరంగల్, విజయవాడ. నా గిటార్ ఎఫెక్ట్స్ ర్యాక్ వెనకాల డ్రమ్స్ పక్కన ఉంటుంది, కాళ్ల దగ్గర టోన్లు మార్చే ఫుట్ కంట్రోలర్, మధ్యలో దాని ఆదేశాలు ర్యాక్‌కి మోసే 10 మీటర్ల మిడి కేబుల్, దాని పక్కనే కంట్రోలర్ అడాప్టర్ కోసం ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాక్కొస్తా. ఇంట్లో అన్నీ బానే పనిచేస్తాయి, స్టేజ్ ఎక్కితే చాలు ఏదో ఒకటి. పోయిన శనివారం సోలో టైంకి ప్యాచ్ (సేవ్ చేసుకున్న టోన్) మారలేదు, నేను తొక్కుతూనే ఉన్నా, అది క్లీన్ టోన్‌లోనే ఉంది, సోలో మొత్తం భక్తి పాటలాగా వాయించా. ఏడాదిలో ఇది మూడో కేబుల్. ఇక కొనను, చేసుకుంటా. ఏ వైరు, ఏ కనెక్టర్? ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ గోల తప్పే దారి ఏదైనా ఉందా? సోల్డరింగ్ వచ్చు, గొప్పగా కాదు.

కోఠి_రాగితీగ:
తమ్మీ, పాత కేబుల్ పారేయకు, ముందు రెండు మూతులు ఇప్పి చూడు. నేను స్టేజ్ సౌండ్ చేసేటోన్ని, వైరు నడిమిట్ల తెగింది చానా తక్కువ చూసిన, చచ్చేదంతా మూతి కాడనే. ప్లాస్టిక్ మౌల్డ్ చేసిన కేబుల్ అయితే ఇప్పుడు కూడా రాదు, అదే దాంతోని తంటా. మెటల్ బాడీ ఉన్న 5 పిన్నుల డిన్ ప్లగ్ (మిడికి పెట్టే గుండ్రటి ప్లగ్) కొను, లోపల వైరుని పట్టుకునే క్లాంపు ఉందా లేదా చూసి కొను. మనోళ్లు గా క్లాంపు బిగించకుండనే మూత పెట్టేస్తరు, ఎవడన్నా కాలు తట్టి గుంజితే బరువంతా సోల్డర్ మీదనే పడ్తది.

ఇగ పిన్నుల సంగతి. 1, 2, 3 అని వరసగా ఉండవు, ఒక చివర నుంచి 1, 4, 2, 5, 3. నడిమిది 2, అది షీల్డ్‌కు, అంటే లోపలి వైర్ల మీద చుట్టిన తీగల జాలీకి. దాని పక్కన రెండు దిక్కుల 4, 5, మిడి పోయేది వాటి మీదనే. షీల్డ్‌ని 2కే కలుపు, ప్లగ్ బాడీకి తాకనీయకు. సోల్డర్ చేసే దిక్కు నుంచి చూస్తే వరస ఉల్టా అయితది, గందుకే ప్లగ్ మీద చిన్నగ రాసిన నంబర్లు చూసుకుంటనే పెట్టు. మైక్ కేబుల్ మంచిగ సరిపోతది, గుజరాతీ గల్లీల మీటర్ లెక్కన అమ్ముతరు. 10 మీటర్లకు భయం లేదు, మిడికి 15 మీటర్ల దాకా పర్మిషన్.

బోడుప్పల్_బాస్:
పైన అన్న చెప్పింది కరెక్టే కానీ, డిన్ ప్లగ్ అసలు నేల మీదకి రావాల్సిన వస్తువు కాదని నా అభిప్రాయం. ర్యాక్ వెనక ప్యానెల్ మీద ఒక ఎక్స్ఎల్ఆర్ సాకెట్ (మైక్ కేబుల్ గుచ్చే 3 పిన్నులది) పెట్టించి, అక్కడి నుంచి లోపలికి పొట్టి డిన్ కేబుల్ వేసుకో, ఫుట్ కంట్రోలర్ వైపు కూడా అంతే, మధ్యలో పరిచేది మామూలు మైక్ కేబుల్. అది తెగితే ఏ ఊళ్లో అయినా సౌండ్ వాళ్ల దగ్గర ఇంకోటి దొరుకుతుంది, రాత్రి పదింటికి డిన్ కేబుల్ ఎవడిస్తాడు? ఒక్కటే జాగ్రత్త, ఆ సాకెట్ మీద మిడి అని పెద్దగా రాసుకో, ఎవడో కుర్రాడు తీసుకెళ్లి 48 వోల్టుల ఫాంటమ్ (మైకుల కోసం మిక్సర్ పంపే పవర్) ఉన్న మిక్సర్‌కి గుచ్చితే కథ కంచికే.

ఉప్పల్_స్ట్రాట్:
@కోఠి_రాగితీగ అన్నా, నిజమే, విప్పాను. షీల్డ్‌లోంచి వెంట్రుకంత తీగ ఒకటి 4వ పిన్ను మీదకి వాలి ఉంది, వైరు కదిపితే తాకుతోంది, వదిలేస్తే లేదు. ఇంట్లో ఎందుకు బాగుండేదో ఇప్పుడు అర్థమైంది, ఇంట్లో ఎవడూ తొక్కడు కదా. ఇంకో డౌటు, మా కంట్రోలర్ మాన్యువల్‌లో 1, 3 పిన్నుల మీద కూడా పవర్ తీసుకుంటుందని ఉంది, అదే కేబుల్‌లో పంపేయొచ్చా?

కోఠి_రాగితీగ:
మాన్యువల్ల ఉంటే పంపొచ్చు. మరి ఏసీనా డీసీనా, ఎన్ని వోల్టులు, ఏ పిన్ను ప్లస్సు, మూడూ చూసినంకనే. రెడీమేడ్ కేబుళ్లల్ల చానా వాటికి 1, 3 కలిపే ఉండవు, మల్టీమీటర్ పెట్టి చూడు. నాలుగు కోర్లు (లోపలి వైర్లు) ప్లస్ షీల్డ్ ఉన్న మైక్ కేబుల్ తీస్కో, లెక్క సరిపోతది. ర్యాక్ కాడ చిన్న డబ్బా పెట్టి అడాప్టర్ దాంట్లకు ఇయ్యి, ర్యాక్‌లకు మాత్రం 2, 4, 5 తప్ప ఏం పోనీయకు. బాస్ తమ్ముడు చెప్పిన ఎక్స్ఎల్ఆర్ పద్ధతి కావాలంటే గప్పుడు 5 పిన్నులది పెట్టాలె, మరి మామూలు మైక్ కేబుల్ దొరికే లాభం పోతది.

వైరు సన్నగుంటే వోల్టు పడ్తది. 24 గేజ్ అంటే మీటర్‌కు 0.084 ఓమ్, 10 మీటర్లు పోయి రావాలంటే 20 మీటర్లు, సుమారు 1.7 ఓమ్. కంట్రోలర్ 200 మిల్లీ ఆంప్స్ తాగితే 0.34 వోల్టు గాయబ్. 9 వోల్టులల్ల అది పోతే ఫరక్ పడదు, కానీ అర ఆంప్ తాగేది అయితే వద్దు.

సైనిక్‌పురి_అంకుల్:
మిడి గురించి అందరూ చెప్పారు, ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ గురించి ఎవరూ అడగలేదేంటి బాబూ. లోపల స్క్రూల కింద వైరు చివరలకి సోల్డర్ పూసి బిగించి ఉంటే అది ఇవాళే తీసెయ్. సోల్డర్ మెత్తన, స్క్రూ కింద మెల్లగా నలిగిపోయి లూజ్ అవుతుంది, లూజ్ అయితే వేడెక్కుతుంది. ఫెర్రూల్ అని చిన్న గొట్టాలు దొరుకుతాయి, వైరు చివరకి తొడిగి క్రింప్ చేసి (క్రింపర్‌తో నొక్కి) బిగించు. 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు చాలు. డబ్బులుంటే ర్యాక్‌కి పవర్‌కాన్ అనే కరెంటు కనెక్టర్ పెట్టుకో, నీలం కరెంటు లోపలికి, బూడిద రంగు బయటికి, తిప్పితే లాక్ అవుతుంది. లోడ్ మీద ఉండగా పీకకూడదు, పవర్‌కాన్‌లోనే ట్రూ1 రకానికి మాత్రం ఆ బాధ లేదు. హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తోందని ఎర్త్ పిన్ను పీకేసే తెలివితేటలు చూపించకు, మైక్‌కి పెదవి తగిలినప్పుడు తెలుస్తుంది. జనరేటర్ మీద నడిచే షో అయితే నువ్వు ప్లగ్ పెట్టకముందే మీటర్‌తో ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎంతుందో చూడు. న్యూట్రల్ ఊడితే 230 రావాల్సిన చోట 400 దగ్గరికి కూడా వెళ్తుంది.

ఉప్పల్_స్ట్రాట్:
అప్‌డేట్. నాలుగు కోర్లది తెచ్చి ఆదివారం అంతా కూర్చుని చేశా. మొదటిసారి కంట్రోలర్‌కి పవర్ వచ్చింది కానీ మిడి అస్సలు పోలేదు, గంట తల పట్టుకున్నాక చూస్తే ఒక చివర 4, 5 తారుమారు, నంబర్లు చూస్తూ పెట్టమని అన్న చెప్పినా సరే. మార్చా. ఇప్పుడు తమ్ముణ్ణి కేబుల్ మీద గెంతమని చెప్పి నేను ప్యాచ్‌లు తొక్కుతున్నా, వాడు అలిసిపోయాడు, ప్యాచ్ ఒక్కటి కూడా మిస్ అవ్వలేదు. అంకుల్ గారూ, ఆ బాక్స్ విప్పాను, న్యూట్రల్ స్క్రూ దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగులోకి తిరిగి ఉంది. ఫెర్రూల్స్‌కి క్రింపర్ ఎవరైనా రెండు రోజులు ఇస్తారా, ఉప్పల్ వైపు?