పదిహేడేళ్ళ కుర్రాడిలో “చేవ” చూడొచ్చా?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక పదం గురించి అడగాలి, కొన్నాళ్ళుగా మనసులోంచి పోవట్లేదు.

మేం ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో ఉంటాం. ఇంట్లో అందరికీ టెక్సస్ యూనివర్సిటీ లాంగ్‌హార్న్స్ జట్టంటే పిచ్చి (అమెరికా ఫుట్‌బాల్ అండీ, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేది). ఏటా డిసెంబర్‌లో హైస్కూల్ కుర్రాళ్ళు ఏ కాలేజీకి ఆడబోతున్నారో సంతకాలు పెడతారు. ఇక ఇంట్లో అదే చర్చ, అఫెన్స్‌కి (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడేవాళ్ళు) ఎవరెవరు వచ్చారు, ఎవడెంత పనికొస్తాడు అని. పాలకొల్లు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్న నాన్నగారు ఒక లైన్‌మన్ (ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్ళని తోసేవాడు) వీడియో చూసి, “ఒడ్డూ పొడుగూ బానే ఉన్నాడు, చేవ సంగతే తెలియట్లేదు” అన్నారు.

మా అబ్బాయి “చేవ అంటే ఏంటి తాతయ్యా?” అన్నాడు. బలంరా అని చెప్పేశాను. నాన్నగారు ఒప్పుకోలేదు. బలం వేరు, చేవ వేరట. కలప అడితిలో దుంగ కొనేటప్పుడు కోసిన వైపు చూస్తారు, చుట్టూ తెల్లగా ఉన్నది ఎంత లావున్నా దానికి పురుగు పడుతుంది, లోపల ముదురు రంగులో గట్టిగా ఉన్నదే చేవ, దానికే డబ్బులిస్తారు. లేత చెట్టులో అది ఉండదు, ఏళ్ళ తరబడి పట్టాల్సిందే. “మరి వీడికి పదిహేడేళ్ళు, నేనెట్లా చెప్పేది?” అన్నారు.

నాకు వెంటనే 2022లో చేరిన బ్యాచ్ గుర్తొచ్చింది. అంతకు ముందు సీజన్‌లో టెక్సస్ 5 గెలిచి 7 ఓడింది, ముందు వరుస సరిగ్గా లేకపోవడం కూడా ఒక కారణం. ఆ దెబ్బతో కోచ్‌లు ఒకేసారి ఏడుగురు అఫెన్సివ్ లైన్‌మన్లను తెచ్చుకున్నారు. అందులో కెల్విన్ బ్యాంక్స్ వచ్చీ రాగానే లెఫ్ట్ ట్యాకిల్‌గా నిలబడ్డాడు (కుడిచేత్తో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వీపు వైపు కాపు కాసే చోటది, కొత్తవాడికి మామూలుగా ఇవ్వరు). 2024లో అవుట్‌ల్యాండ్ ట్రోఫీ (కాలేజీ లైన్‌మన్లలో మేటికి ఇచ్చేది), మరుసటి ఏడు డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను వరసగా ఎంచుకునేది) 9వ స్థానం. కోల్ హట్సన్ కూడా మొదటి ఏడే ఆడాడు. కానీ బ్యాంక్స్ లాగే ఐదు స్టార్ల పేరుతో (హైస్కూల్ కుర్రాళ్ళకిచ్చే అన్నిటికంటే పెద్ద రేటింగ్) వచ్చిన డీజే క్యాంప్‌బెల్‌కి, ట్యాకిల్ పక్కనుండే గార్డ్ చోటు స్థిరపడింది రెండో ఏడు. డంకన్‌విల్ నుంచి వచ్చిన క్యామ్ విలియమ్స్, కొండలా ఉంటాడు, వాడికి రైట్ ట్యాకిల్ చోటు 2024లో గానీ దక్కలేదు. అందరూ ఒకే బ్యాచ్‌లో వచ్చినవాళ్ళే, ఒడ్డూ పొడుగూ అందరికీ ఉన్నవే, చేవ మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో ఏడు పట్టింది.

నా ప్రశ్న ఇది. ఇంకా రాలేదు గానీ వస్తుందనిపించే బలానికి మన దగ్గర మాటేంటి? సత్తా అంటే ఇప్పుడు ఉన్నదే కదా. “పస” అంటే వాదనలో పస, మాటలో పస అంటాం గానీ మనిషిని చూసి పస పెరుగుతుందని అన్నట్టు నేను వినలేదు.

జవాబు: అండీ, మాది వడ్రంగి కుటుంబం, రాజమండ్రి. మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. మీరడిగిన మాట ఆ పదంలోనే ఉంది, “చేవదేరడం”. “ఇంకా చేవదేరలేదు” అంటే లేదని కాదు, టైమ్ పడుతుందని. “చేవ లేదు” అంటే వేరు, అది తిట్టు. పెద్దమనిషిని “చేవ చచ్చినవాడు” అంటే గొడవే. కుర్రాళ్ళ విషయంలో ఈ రెండూ కలిపేయకండి దయచేసి, పదిహేడేళ్ళ పిల్లాణ్ణి చేవ లేనివాడనడం అన్యాయం.

జవాబు: మాది వరంగల్. మా దగ్గర “దమ్ము” అనే ఎక్కువ వాడతారు, “వానికి దమ్ముంది” అని. దమ్ము అంటే ఊపిరి కదా, అందుకే కబడ్డీకి బాగా కుదురుతుంది, కూతకు పోయినోడికి కావాల్సింది అదే. మీ ఆటలో ఆఖరి క్వార్టర్‌లో కూడా పరిగెత్తేవాడికి దమ్ము అనొచ్చు, ముందు నిలబడి తోసేవాడికి చేవే సరిపోతుంది.

జవాబు: “పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది” అన్నారుగా మరి? పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

జవాబు (అడిగినది నేనే): ఆ సామెత ఈ ఆటలో అందరికీ వర్తించదని నా గట్టి నమ్మకం. పరుగెత్తేవాడికి వర్తిస్తుంది. జేవియర్ వర్తీ 2021లో వచ్చిన మొదటి సీజన్‌లోనే 12 టచ్‌డౌన్‌లు (బంతిని ఆఖరి గీత దాటించి పాయింట్లు తేవడం) పట్టాడు, తర్వాత 2024లో కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్ళకి పెట్టే పరీక్ష) 40 గజాలు 4.21 సెకన్లలో పరిగెత్తి రికార్డు పెట్టాడు. కాళ్ళలో వేగం మొదటి రోజే కనపడుతుంది. అదే క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూయర్స్‌ని చూడండి, హైస్కూల్‌లో దేశంలోకెల్లా మొదటివాడు, టెక్సస్‌ని రెండుసార్లు ప్లేఆఫ్‌కి తీసుకెళ్ళాడు, మంచి ఆటగాడే, అయినా 2025 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్, అంటే ఆఖరి రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. అదే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పేరు పిలిచింది క్యామ్ వార్డ్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ని. టెక్సస్ రాష్ట్రం కుర్రాడే, హైస్కూల్‌లో ఉండగా పెద్ద కాలేజీలేవీ పట్టించుకోలేదు, ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టాడు. ఆ పువ్వు వాసన ఎవరికీ రాలేదు.

కాలేజీల్లో రెడ్‌షర్ట్ అని ఒక పద్ధతుంది, కుర్రాడు ఏడాదంతా జట్టుతో సాధన చేస్తాడు, నాలుగు మ్యాచ్‌ల కంటే ఎక్కువ ఆడకపోతే ఆ ఏడు అతను కాలేజీకి ఆడగలిగే ఏళ్ళ లెక్కలోకి రాదు. దానికి తెలుగు మాట పెట్టమంటే “చేవదేరే ఏడు” అని పెడతాను.

జవాబు: బాగుంది. కానీ ఒక్క మాట, తాడికి చేవ ఉండేది బయటి వైపు. లోపల మెత్తటి పీచు. ఇంటి దూలాలకు లోపలిది తీసేసి పైదే వాడేవాళ్ళు. లోపల ఉన్నదే చేవ అని రాస్తే తాడి ఒప్పుకోదు.

జవాబు (నేనే): నాన్నగారికి చదివి వినిపించాను. “అవును, తాడి మర్చిపోయాను” అన్నారు. మా అబ్బాయి ఈ ఏటి పట్టికలో లైన్‌మన్ల పేర్ల ఎదురుగా స్టార్లు కొట్టేసి, మూడు చోట్ల “చేవదేరాలి” అని తెలుగులో రాసుకున్నాడు. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ సరిగ్గానే పెట్టాడు.